ఎఫ్-టెన్ నొక్కిందెవరు?

నోరు పారేసుకోవడంలో నన్ను మించినవాళ్ళు ఢిల్లీ కంటోన్మెంటులోనే లేరని మా నాన్న సుబేదార్ అంకయ్య గారు నా పదో ఏటే తేల్చేశారు. పోయిన వారం ఆ సంగతి మీరూ కళ్ళారా చూశారు. చూడనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను.

సాకేత్‌లో అరుంధతి మేడమ్ గారి స్టూడియోలో నేను వీడియో ఎడిటర్‌ని. సైనిక కుటుంబాల మీద పన్నెండు నిమిషాల ఫిల్ము చేస్తున్నాం, హిందీలో ఒకటి, తెలుగులో ఒకటి. అందులో హవల్దార్ రాజగోపాల్ అంకుల్ మాట్లాడిన ముక్క ఉంది. కంటోన్మెంటులో మాకు పక్క క్వార్టర్ వాళ్ళే. పద్దెనిమిదేళ్ళు వైర్‌లెస్ సెట్టు మీద పనిచేసిన మనిషి. గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్‌లో స్వరపేటిక మొత్తం తీసేస్తామన్నారు. ఆ ముందు రోజు సాయంత్రం ఆస్పత్రి గదిలో నేనొక్కదాన్నే కెమెరా పెట్టి ఆయన మాట రికార్డు చేశాను. మొత్తం నిమిషం నలభై సెకన్లు. ఆ మర్నాటి నుంచి ఆయనకి మాట లేదు.

మా స్టూడియోలో ఒక దిక్కుమాలిన అలవాటుంది. టేపులో ఉన్నది కంప్యూటర్లోకి ఎక్కించగానే ఆ టేపు మళ్ళీ వాడేస్తారు. అలా అంకుల్ గొంతు మీద గ్రేటర్ కైలాష్‌లో ఎవరిదో పెళ్ళి బారాత్ రికార్డయిపోయింది. ఇక మిగిలింది కంప్యూటర్లో ఉన్నదొక్కటే. శనివారం పొద్దున ప్లే నొక్కితే తెర మీద అంకుల్ పెదాలు కదిలాయి. గొంతు రాలేదు.

నేను వెనకా ముందూ చూడలేదు. రోజూ సాయంత్రం కంప్యూటర్లో అక్కర్లేని ఫైళ్ళు కొట్టేసేది తిరుమలేష్. అందరి ముందూ వాడి మీద విరుచుకుపడ్డాను. నాలుగ్గంటలకి అంకుల్, సీతారత్నం ఆంటీ ఫిల్ము చూడ్డానికి వస్తారు, ఈలోపు నీ బ్యాగు సర్దుకో అని మేడమ్ వాడితో అనేసింది. అక్కడ ఆగాం.

తిరుమలేష్ బ్యాగు సర్దలేదు. సివిల్స్ రాయడానికి కరీంనగర్ నుంచి వచ్చి, బేర్ సరాయ్ గదిలో రెండేళ్ళు పుస్తకాలతో కుస్తీ పట్టి, చివరికి కంప్యూటర్ల దగ్గర తేలిన మనిషి. ధర మండిపోయి ఉల్లిపాయ మానేసిన మెస్సు భోజనం తింటూ కూడా ఎప్పుడూ విసుక్కోడు. నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పోతగని, ఏమైందో చూసి పోత," అన్నాడు.

"ఏం చూస్తావ్? కొట్టేసింది నువ్వు. మళ్ళీ నువ్వే చూడ్డం ఏంటి?"

"నేను కొట్టేసేది ఏంది? టైమ్‌లైన్ల లేని ఫైళ్ళు. ఆ గొంతు టైమ్‌లైన్ల ఉన్నదనుకో, కంప్యూటర్ నన్ను దాన్ని ముట్టనియ్యది. మరి నేను సాఫ్ జేసేదానికన్న ముందే దాన్ని అండ్లకెళ్ళి ఎవరు తీసిండ్రు?"

తెర వైపు తిరిగాను. టైమ్‌లైన్ అంటే తెర అడుగున కనిపించే పొడుగాటి పట్టీలు. పైన బొమ్మ వరస, కింద ధ్వని వరస. అంకుల్ బొమ్మ పైన పదిలంగానే ఉంది. కింద ధ్వని ఉండాల్సిన చోట నిమిషం నలభై సెకన్ల మేర ఖాళీ. రెండు పక్కలా కొలిచి కోసినట్టు ఉంది. పొరపాటున చెయ్యి తగిలి పోయిన ముక్క అలా ఉండదు.

"ఎవరో కావాలనే తీశారు," అన్నాను. చెప్పొద్దూ, నా అనుమానం ఇంకా వాడి మీదే.

కంప్యూటర్ ప్రతి పదిహేను నిమిషాలకీ తనంతట తనే ఒక నకలు దాచుకుంటుంది. వాడు ఒక్కొక్కటే తెరిచాడు. గురువారం మధ్యాహ్నం మూడూ పదికి దాచిన నకల్లో ధ్వని పట్టీ ఉంది. మూడూ ఇరవై అయిదు నకల్లో లేదు. నకళ్ళు దాచేది కోతల లెక్కే గానీ అసలు ధ్వనిని కాదు. కాబట్టి పట్టీ కనపడుతున్నా నొక్కితే మూగే. కానీ పావుగంట లెక్క దొరికింది.

"ఆ పావుగంట మిషన్ మీద ఎవరున్నరు?" అని అడిగాడు.

"నేనే."

"ఏం జేస్తున్నవ్?"

"పేరు పట్టీ వేస్తున్నా. అంకుల్ కింద ఆయన పేరు, తెలుగులో."

"గొంతు పోతే వినపడలేదా?"

"స్పీకర్లు ఆపేశాను. మేడమ్ ఫోన్లో ఉంది. పేరు టైప్ చెయ్యడానికి గొంతెందుకు?"

వాడు తెల్ల కాగితం తీసుకుని నేను ఆ రోజు నొక్కిన కీలన్నీ వరసగా చెప్పమన్నాడు. పోలీస్ స్టేషన్లో వాంగ్మూలం రాయించుకుంటున్నారా అని ఎగతాళి చేశాను. అయినా చెప్పాను. అంకుల్ మాట మొదట్లో ఒక గుర్తు, చివర్లో ఒక గుర్తు. ఆ మేర ఎంపిక. పేరు రాసే కిటికీ తెరవడం. ఆ కిటికీ తెర మొత్తం కప్పేస్తుంది, కింద టైమ్‌లైన్ కనపడదు. తర్వాత తెలుగులోకి మారడానికి ఎఫ్-టెన్. పేరు టైప్ చెయ్యడం.

"ఎఫ్-టెన్," అని కాగితం మీద చుట్టూ గీత గీశాడు.

తెలుగు అక్షరాలు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉండవు. దానికి వేరే చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. అది వెనకాల నోరు మూసుకుని కూర్చుని, ఎఫ్-టెన్ నొక్కగానే లేచి తెలుగు ఇస్తుంది. మా ఫిల్ముల్లో తెలుగు పేర్లు రావడం ఇదే మొదటిసారి. హిందీ పేర్లు ఇంకో మిషన్ మీద వేసేవాళ్ళు.

"నొక్కిన కీ తెలుగు ప్రోగ్రామ్ తనే మింగాలె. మింగకుంట కింద ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు గూడ పంపిస్తదేమో. చూద్దాం," అన్నాడు.

పనికిరాని షాట్లు నాలుగు పెట్టి పరీక్ష మొదలుపెట్టాడు. ఇక్కడ మీకు మా వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ కీకి ఏ పని అన్నది ఎవరి ఇష్టం వాళ్ళది. వేళ్ళకి అలవాటైనట్టు అమర్చుకుని, ఆ అమరిక ఫ్లాపీలో దాచుకుని, పైన పేరు రాసుకుని జేబులో పెట్టుకు తిరుగుతాం. మిషన్ దగ్గర కూర్చోగానే ముందు ఎవరి ఫ్లాపీ వాళ్ళు ఎక్కించుకోవాలి. ఒకరి ఫ్లాపీ ఇంకొకరు ముట్టుకోరు, టూత్ బ్రష్షులాగా.

ముందు కంపెనీ ఇచ్చిన అమరికతో ఎఫ్-టెన్ నొక్కాడు. తెలుగు వచ్చింది, ధ్వని ఉంది. మేడమ్ ఫ్లాపీ పెట్టాడు. తెలుగు వచ్చింది, ధ్వని ఉంది. తనదే పెట్టాడు. అదీ అంతే.

"చూశావా? కీ సంగతేం కాదు," అన్నాను గెలిచినట్టు.

"నీది ఇయ్యి."

"నాదెందుకు?"

"గురువారం కూసున్నది నువ్వే గద."

"పెట్టుకో. నా ఫ్లాపీ రెండేళ్ళ నుంచి వాడుతున్నా, ఒక్క రోజు తేడా రాలేదు." బ్యాగులోంచి తీసి బల్ల మీదికి విసిరాను. విసిరినంత సేపు పట్టలేదు నా బతుకు తిరగబడ్డానికి.

ఎఫ్-టెన్ నొక్కాడు. తెలుగు వచ్చింది. పేరు కిటికీ మూశాడు. కింద ధ్వని పట్టీ లేదు. గుర్తుకీ గుర్తుకీ మధ్య కొలిచి కోసినట్టు ఖాళీ.

మళ్ళీ చేయమన్నాను. చేశాడు. మళ్ళీ పోయింది. నేనే కుర్చీలో కూర్చుని నా చేత్తో నొక్కాను. పోయింది.

ఇక్కడ చేరకముందు ఝండేవాలాన్‌లో ఇంకో చోట పనిచేశాను. అక్కడ గుర్తుల మధ్య ధ్వనిని ఎత్తేసే పని ఎఫ్-టెన్‌కి పెట్టుకున్నాను. నేనే, నా చేత్తోనే. ఉద్యోగం మారినా ఫ్లాపీ మారలేదు. ఇక్కడ ఆ పనికి మౌస్ వాడటం అలవాటైపోయి ఆ కీ సంగతే మర్చిపోయాను. గురువారం మూడుంబావుకి, తెలుగులో అంకుల్ పేరు రాయడానికి నేను నొక్కిన కీయే ఆయన గొంతుని తీసేసింది. టైమ్‌లైన్‌లో లేనిది కాబట్టి సాయంత్రం తిరుమలేష్ ఊడ్చినప్పుడు చెత్తతో పాటు వెళ్ళిపోయింది.

 నోట మాట రావడం లేదు. నాకు మాట రాకపోవడం అన్నది ఇరవై నాలుగేళ్ళలో అదే మొదలు. తిరుమలేష్ ఎగరలేదు, దెప్పలేదు. దెప్పితే బాగుండేది.

"సారీ తిరుమలేష్," అన్నాను ఎలాగో.

"సారీ తర్వాత చెప్పు. ధ్వని ఫైళ్ళు వేరే డిస్కుల ఉంటయి. కొట్టేసిన ఫైలు వెంటనే పోదు, దాని మీద కొత్తది ఏమన్న రాస్తేనే పోతది. గురువారం సంది దాని మీద ఎంత రాసినమో తెల్వదు. నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ బజార్ల తెచ్చిన ప్రోగ్రామ్ ఒకటుంది. వెతుకుతది. గంటలు పడ్తది. ఆశ మాత్రం పెట్టుకోకు."

వాడు డిస్కు పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళాడు. నేను పైకి వెళ్ళి మేడమ్‌తో జరిగిందంతా చెప్పాను. ఆవిడ ఢిల్లీలో పుట్టి పెరిగిన తెలుగావిడ. కోపం హిందీలో, లాలింపు తెలుగులో వస్తాయి.

"హే భగవాన్! తెరీ ఫ్లాపీ?" అని కాసేపు తల పట్టుకుంది. తర్వాత మెత్తగా, "చూడు కావేరీ, వాళ్ళకి ఇదంతా సమఝ్ కాదు. టేప్ ఖరాబ్ అయిందని చెప్పు. టేప్ ఖరాబ్ అవుతుంది, ఎవరి తప్పూ కాదు. ఠీక్ హై?" అంది.

ఠీక్ హై అనాలనే ఉంది. దేవుడి మీద ఒట్టు, అనాలనే ఉంది.

నాలుగింటికి రావాల్సినవాళ్ళు రెండున్నరకే దిగారు. రాజగోపాల్ అంకుల్ మెడ చుట్టూ తెల్లటి గుడ్డ. దాని వెనక రంధ్రంలోంచి ఊపిరి ఈలలా వస్తోంది. చొక్కా జేబులో చిన్న నోటుబుక్కు, పెన్ను. సీతారత్నం ఆంటీ టిఫిన్ డబ్బా నా చేతిలో పెట్టింది.

"గారెలు చేశానమ్మా. నువ్వు మా కోసం ఇంత కష్టపడుతున్నావు. మా అమ్మాయి చాందిని రోజూ గోల. పాపా కీ ఆవాజ్ కబ్ ఆయేగీ, నాన్న గొంతు ఎప్పుడొస్తుందీ అని. ఇవాళ స్కూలు నుంచి రాగానే వినిపిస్తానని మాటిచ్చి వచ్చాను. కాసెట్‌లో ఎక్కించి ఇస్తావుగా?"

మేడమ్ నా వైపు చూసింది. టేప్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. వేడి వేడి డబ్బా చేతిలో కాలుతోంది.

"ఆంటీ, అంకుల్ గొంతు పోయింది. కంప్యూటర్లోంచి. నేనే పోగొట్టాను. తప్పు కీ నొక్కాను, చూసుకోలేదు. పైగా ఆ నేరం తిరుమలేష్ మీద వేశాను."

ఆంటీకి వెంటనే అర్థం కాలేదు. నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయి, కళ్ళు మాత్రం మారాయి.

"పోయిందంటే? మళ్ళీ తీసుకోవచ్చుగా," అంది. అనేసి, ఏమన్నదో తనకే తెలిసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత నా భుజం పట్టుకుని ఊపేసింది. "ఒకసారి డాక్టర్లు తీశారు. అది బతకడానికి తీశారు. రెండోసారి నువ్వెందుకు తీశావే? మా ఇంట్లో అన్నం తిన్న పిల్లవి కదే!"

కొడితే పడదామని నిలబడ్డాను.

అంకుల్ నోటుబుక్కు తీసి గబగబా రాసి మా ఇద్దరి మధ్య పెట్టారు. "పోనీ రత్నం. పిల్లని ఏమనకు. పోతే పోయింది."

ఆంటీ బెంచీ మీద కూలబడి ఏడుస్తోంది. నేను అంకుల్ మొహం చూశాను. అక్కడ బాధ లేదు. బరువు దిగిన మనిషిలా ఉన్నారు. ఎందుకో నాకొక్కదానికే తెలుసు. మీకూ ఇప్పుడు చెప్పక తప్పదు.

ఆ రోజు ఆస్పత్రిలో మొదటి నలభై సెకన్లు ఆయన ఫిల్ము కోసం మాట్లాడారు. తర్వాత ఏదో మందు తెమ్మని ఆంటీని బయటికి పంపించి, కెమెరా ఆపొద్దన్నారు. మిగిలిన నిమిషం ఆంటీ కోసం. "నేను థియేటర్లోంచి రాకపోతే ఇది రత్నానికివ్వు. వస్తే కోసి పారెయ్యి. మాటివ్వు పాపా," అన్నారు. ఇచ్చాను. ఆయన బతికి వచ్చారు. మాట ప్రకారం నేను అది కోసెయ్యాలి. కానీ ఆ మనిషికి మిగిలిన గొంతే నిమిషం నలభై సెకన్లు. అందులో నిమిషం నా చేత్తో ఎలా కొయ్యను? ఫిల్ము చూపించేటప్పుడు నలభై సెకన్ల దగ్గర ఆపేద్దాంలే అని పట్టీలో అలాగే ఉంచేశాను. కోసేశానని ఆయనతో అబద్ధం చెప్పాను. ఇవాళ ఏకంగా మొత్తం పోయిందని విని, ఎక్కడైనా మిగిలిందేమోనన్న బెంగ కూడా తీరి, ఆయన నిశ్చింతగా ఊపిరి పీల్చుకుంటున్నారు.

లోపలి గది తలుపు ధడేల్‌మని తెరుచుకుంది.

"దొరికింది!" తిరుమలేష్ కేక. "కావేరీ, దొరికిందే! చెక్కు చెదరలే. మొత్తం, నిమిషం నలభై!"

నాకు సంతోషం వచ్చింది. ఆ తర్వాత క్షణంలోనే వాడన్న మాట బుర్రకెక్కింది. మొత్తం అన్నాడు.

"తిరుమలేష్, ఆగు. ముందు నేను ఒకసారి..." అన్నాను. ఎవరు వింటారు? ఆంటీ అప్పటికే లేచి లోపలికి పరుగెత్తింది. మేడమ్ ఆవిడ వెనకే వెళ్ళింది. నేను అంకుల్‌ని దాటుకుని వెళ్ళేసరికి వాడు ప్లే నొక్కేశాడు.

తెర మీద అంకుల్ పెదాలు కదిలాయి. ఈసారి గొంతు వచ్చింది.

"సెట్టు మీద కూర్చుంటే మన మొహం ఎవరికీ కనపడదండీ. అవతల మంచులో ఉన్నవాడికి నా గొంతే అన్నం, నా గొంతే దుప్పటి..."

ఆంటీ రెండు చేతులూ తెరకి ఆనించింది. పక్కనే నిలబడ్డ అంకుల్ తన గొంతు తను వింటూ మెడ మీది గుడ్డని తడుముకున్నారు. మేడమ్ కళ్ళు తుడుచుకుంది. తెర మీద ఆయన నవ్వారు. "చాందినీ బేటా, ఏడో ఎక్కం అప్పజెప్పు. మళ్ళీ ఏడారులు తప్పావో, ఊరుకునేది లేదు."

ముప్ఫై రెండు. ముప్ఫై మూడు. తెర మూల సెకన్లు తిరుగుతున్నాయి. నేను కీబోర్డు వైపు చెయ్యి చాపాను. నా మొహం అంకుల్ చూశారు. చూడగానే ఆయనకి అర్థమైంది, నేను కొయ్యలేదని. నోరు తెరిచారు. మెడలోంచి గాలి మాత్రం వచ్చింది. నన్ను తోసుకుని ముందుకు రాబోయారు.

నలభై. తెర మీద గదిలో తలుపు మూసిన చప్పుడు.

నా వేలు కీ మీద పడబోతుండగా సీతారత్నం ఆంటీ నా మణికట్టు పట్టుకుంది. తెర వైపు నుంచి మొహం తిప్పకుండానే పట్టుకుంది.

"ఆపకు."

"రత్నం," అంది తెర మీది గొంతు, ఇప్పుడు తగ్గిపోయి, బతిమాలుతున్నట్టు. "గడ్డ సంగతి సెప్టెంబర్లో బయటపడిందని నీకు చెప్పాను. అబద్ధం. మార్చిలోనే తెలుసు నాకు. అప్పుడే కోయించుకుంటే గొంతు మిగిలేదన్నాడు బయటి డాక్టరు. యూనిట్లో చెప్పానంటే మెడికల్ కేటగిరీ తగ్గించి సెట్టు మీద నుంచి దింపేస్తారు, నాయబ్ సుబేదారు ప్రమోషను పోతుంది. ఆ ఆశకి ఆరునెలలు నీ కళ్ళలోకి చూస్తూ దాచాను..."

అంకుల్ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. మేడమ్ ఒక్కడుగు వెనక్కి వేసింది. ఆంటీ పట్టు మాత్రం సడలలేదు. ఏడుపు ఎప్పుడు ఆగిందో, ఆవిడ కళ్ళు పొడిగా ఉన్నాయి.

"తెలుసండీ," అంది ఆవిడ. తెరతో కాదు, ఆయన వైపు తిరిగి. "మార్చి నెలాఖరులో ఉతకడానికి మీ యూనిఫారం తీస్తే ఆ డాక్టరిచ్చిన కాగితం జేబులోనే ఉంది. ఇంగ్లీషులో ఉంటే పక్కింటి కావేరి వాళ్ళమ్మ చేత చదివించుకున్నాను."

మా అమ్మ చేతా? మార్చి నుంచి మా ఇంట్లో మా అమ్మకి తెలుసా? ఆంటీ నా వైపు చూడలేదు.

అంకుల్ పెన్ను తీశారు.  ఒక్కటే మాట రాసి ఆవిడకి చూపించారు. "ఎందుకు?"

ఎందుకు ఆపలేదు, ఎందుకు అడగలేదు, ఆరునెలలు ఎలా ఊరుకున్నావు, అన్నీ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. ఆంటీ చదివింది. నోటుబుక్కు మూసి ఆయన జేబులో పెట్టింది.

"చెప్తాను. ముందు మీరు చెప్పడం పూర్తి కానివ్వండి. మళ్ళీ మళ్ళీ వింటానా నేను."

అందరం నిలబడి విన్నాం. తెర మూల లెక్క నిమిషం ముప్ఫై దాటింది, ముప్ఫై అయిదు దాటింది. నలభై దగ్గర ఆగింది.  సీతారత్నం ఆంటీ నా మణికట్టు వదిలేసి, కుర్చీ ఆయన ఎదురుగా లాక్కుని కూర్చుంది. ఆయన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ ప్రమోషను ఆశ నాకూ ఉంది, అందుకే నోరెత్తలేదు. నేనే మీ గొంతు పోనిచ్చానండీ," అంది.